పత్రికలో బొమ్మ తిరగడం లేదు, కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను తిరుపతి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చుని రైలింజన్ల చిన్న నమూనాలు చేయడం నా సరదా. పోయిన దీపావళి ఆఫర్‌లో, బెంగళూరు కంపెనీ ఒకటి తెచ్చే డిజిటల్ హాబీ పత్రికకు 2,400 రూపాయలు ఏడాది చందా కట్టాను. దాంతోపాటు నలభై పాత సంచికల కట్టను 1,500 పెట్టి కొన్నాను. ‘ప్రతి నమూనానూ వేలితో తిప్పి నాలుగు వైపులా చూడండి, ఏ ఫోన్‌లోనైనా’ అని ప్రకటనలో ఉంది. నేను డబ్బు కట్టింది దానికోసమే. ఇంజన్ వెనకవైపు పైపులు ఎలా వంగాయో మామూలు ఫోటోలో కనబడదు కదా. తీరా చూస్తే ఒక్క బొమ్మా తిరగదు. వేలు పెట్టి లాగితే పేజీ జరుగుతుంది గానీ ఇంజన్ కదలదు. మెయిల్ పెడితే ‘యాప్ తీసేసి మళ్ళీ వేసుకోండి’ అన్న జవాబే నాలుగుసార్లు వచ్చింది. డబ్బు వాపసు అడిగితే, డిజిటల్ కొనుగోళ్లకు రీఫండ్ లేదని, ఏ వివాదమైనా బెంగళూరు కోర్టులోనే తేల్చుకోవాలని షరతుల్లో ఉందంటున్నారు. ఇక్కడే కేసు వేయవచ్చా? చీటింగ్ కేసు పెట్టమని ఒక మిత్రుడు అంటున్నాడు. మా మనవడేమో ఫైలు విప్పి ఫోటోలు బయటికి లాగి తానే తిప్పి చూపిస్తానంటున్నాడు. అది నేరమవుతుందా?
- ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: కేసు వేయవచ్చు. తిరుపతిలోనే వేయవచ్చు. కానీ వేసేముందు ఆ బొమ్మ ఎందుకు తిరగడం లేదో మీకు తెలిసి ఉండాలి. ఎందుకంటే రేపు అవతలి లాయరు అడిగే మొదటి మాట సెక్షన్ల గురించి కాదు, ‘అయ్యా, మీరు దాన్ని దేంట్లో తెరిచారు?’ అని. దానికి మీరు తడబడితే మిగతా వాదనంతా పలచబడిపోతుంది.

ఇంజన్ షెడ్డులో ఇంజన్ని గిర్రున తిప్పే టర్న్‌టేబుల్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ బొమ్మలు తీసేదీ అలాంటి చిన్న బల్ల మీదే. నమూనాను దానిమీద పెట్టి, పది డిగ్రీలు తిప్పి ఒక ఫోటో, ఇంకో పది తిప్పి ఇంకో ఫోటో, అలా 36 ఫోటోలు తీస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. కొందరు పదిహేను డిగ్రీల చొప్పున 24తో సరిపెడతారు. మీరు వేలితో లాగినప్పుడు ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ ఫోటోలను వరసగా మార్చి చూపిస్తుంది. కాబట్టి బొమ్మ తనంతట తాను తిరగదు, తిప్పేది ఆ ప్రోగ్రామ్. అది నడవకపోతే మీకు మిగిలేది మొదటి ఫోటో ఒక్కటే, కదలకుండా.

ఇక అది నడవకపోవడానికి కారణాలు. పత్రిక పీడీఎఫ్ రూపంలో వస్తుంటే, దాన్ని మెయిల్‌లోంచో వాట్సాప్‌లోంచో నొక్కగానే తెరుచుకునే ఫోన్ వ్యూయర్‌లో చూస్తున్నారేమో గమనించండి. చాలా వ్యూయర్లు పేజీని చూపిస్తాయి గానీ అందులోని ప్రోగ్రామ్‌ను నడపవు. ఫైలును ముందు కంప్యూటర్‌లో సేవ్ చేసి, అడోబీ రీడర్‌లోనే తెరిచి చూడండి. పత్రికకు సొంత యాప్ ఉంటే దాన్ని అప్‌డేట్ చేసి, సంచిక పూర్తిగా దిగిందో లేదో చూడండి. సగం దిగిన సంచికలో అక్షరాలు వస్తాయి, ఫోటోల వరస రాదు. కొన్ని పత్రికలు ఆ ఫోటోలను సంచికలో పెట్టకుండా తమ సర్వర్ నుంచి అప్పటికప్పుడు తెప్పిస్తాయి. నెట్ లేకపోతే అవి తిరగవు. అందుకే వైఫైలో ఒకసారి, మొబైల్ డేటాతో ఒకసారి, మీది కాని ఇంకో ఫోన్‌లో ఒకసారి చూడండి.

ఇదంతా లాయరు చెప్పాల్సిన మాటేనా అనిపించవచ్చు. చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక క్లయింటు కోసం ఆవేశంగా నోటీసు ఇచ్చి, మర్నాడు మా జూనియర్ ఆ ఫైలును వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే అది చక్కగా నడిచిన అనుభవం నాకుంది. ఆ నోటీసును వెనక్కి తీసుకోవడం అంత సుఖమైన పని కాదు.

పాత సంచికల కథ వేరు. అప్పట్లో డిజిటల్ పత్రికల్లో ఇలాంటి తిరిగే బొమ్మలను ఎక్కువగా ఫ్లాష్ అనే పరిజ్ఞానంతో చేసేవారు. ఫ్లాష్‌ను ఆపేస్తున్నామని దాని యజమాని అడోబీ 2017 జులైలోనే ప్రకటించింది. 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆగిపోయింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆ ఫైళ్లు నడవకుండా అడ్డుకట్ట కూడా వేసింది. ఐఫోన్, ఐప్యాడ్‌లలో అయితే ఫ్లాష్ ఏనాడూ లేదు. మీరు కొన్న కట్టలో ఫ్లాష్‌తో చేసిన సంచికలుంటే, యాప్‌ను వందసార్లు తీసేసి వేసుకున్నా ఆ ఇంజన్లు తిరగవు. కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఫ్లాష్ కావాలన్న సందేశం వస్తే విషయం తేలిపోయినట్టే.

మీరు చందా గురించే ఎక్కువ బాధపడుతున్నారు. నాకైతే మీ కేసులో బలమైనది ఆ 1,500 రూపాయల కట్ట. మీరు దాన్ని 2018లో కొని ఉంటే నేను ‘వదిలేయండి సార్’ అనేవాణ్ని. తర్వాత ఫ్లాష్ పోవడం ప్రచురణకర్త తప్పు కాదు. కానీ ఫ్లాష్ పోయి ఏళ్లయ్యాక, మూడేళ్ల ముందే హెచ్చరిక వచ్చిన విషయంలో, అవే ఫైళ్లను ‘ఏ ఫోన్‌లోనైనా తిప్పి చూడండి’ అని చెప్పి అమ్మడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. మాకు తెలియదు అనే దారి వాళ్లకు లేదు.

కొత్త సంచికల విషయంలో ఫలితాన్ని బట్టి వాదన మారుతుంది. వాళ్ల సొంత యాప్‌లో, రెండు మూడు ఫోన్లలో కూడా తిరగకపోతే అది సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం, సందేహం లేదు. కంప్యూటర్‌లో తిరిగి ఫోన్‌లో తిరగకపోతే కూడా మీకు మాట ఉంది. ‘ఏ ఫోన్‌లోనైనా’ అని రాసింది వాళ్లే. ఫలానా ప్రోగ్రామ్ ఉంటేనే పనిచేస్తుందని తెలిసీ చెప్పకపోతే, అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమేనని అదే సెక్షన్ అంటుంది. అంతా సరైన చోట తెరిస్తే బ్రహ్మాండంగా తిరుగుతుంటే మాత్రం చందా సంగతి మరచిపోయి కట్ట మీదే పోరాడండి.

రీఫండ్ లేదన్న షరతు చూసి భయపడకండి. లోపమున్న సేవను ఆపి డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడం, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య విధానమని సెక్షన్ 2(47) చెబుతోంది. ఒక మెలిక ఉంది. ‘ఈ షరతే అన్యాయమైన ఒప్పందం, దాన్ని కొట్టేయండి’ అని ఫిర్యాదు రాశారనుకోండి, అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదులు వినే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు లేదు. మీరు విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు పోవాల్సి వస్తుంది. నాలుగు వేల కోసం అంత దూరం ఎందుకు? ఆ మాట ఎత్తకుండా సేవాలోపం, అనుచిత విధానం, తప్పుడు ప్రకటన అని మాత్రమే రాయండి.

బెంగళూరు కోర్టు షరతు కూడా అంతే. ఫిర్యాదుదారు నివాసమున్న చోట, లేదా పనిచేసుకునే చోట ఫిర్యాదు వేసుకోవచ్చని సెక్షన్ 34 నేరుగా చెబుతోంది. 2019కి ముందున్న పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఇతర చట్టాల కింద ఉన్న హక్కులకు అదనంగానే ఈ చట్టం పనిచేస్తుందని సెక్షన్ 100 అంటుంది, అందుకే షరతుల్లో బెంగళూరు అని రాసుకున్నా మీ హక్కు పోదు. తిరుపతిలోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకూ ఉన్న ఫిర్యాదులు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. 5 లక్షల వరకూ ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు, ఈ మాట చెప్పి నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను. గడువు రెండేళ్లు.

నేరుగా కమిషన్‌కు పరుగెత్తకండి. 2020 ఈ-కామర్స్ నియమాలు డిజిటల్ సరుకులకు కూడా వర్తిస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, పేరు, సంప్రదించే వివరాలు చూపించాలి. ఆయన 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఇంతవరకూ మీకు జవాబిచ్చింది కస్టమర్ కేర్ వాళ్లయి ఉంటారు. ఈసారి ఆ అధికారి పేరు పెట్టి మెయిల్ రాయండి. ‘పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్క రాయకుండా, ఏ సంచిక, ఏ పేజీ, ఏ ఫోన్, ఏ ప్రోగ్రామ్‌లో తెరిచారు, ఏమైంది అని విడివిడిగా రాయండి. కారు మెకానిక్‌కు శబ్దం ఎక్కడినుంచి వస్తోందో చెప్పినట్టు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. ఇలాంటి చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తెగిపోతాయి. నెల దాటినా కదలిక లేకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపి, రసీదు దాచుకోండి. ఆ తర్వాత ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే ఫిర్యాదు వేయవచ్చు.

సాక్ష్యం గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ప్రకటనను ఈరోజే స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, వెబ్ చిరునామా కనబడేలా. రేపు మీ మెయిల్ చూశాక ‘ఏ ఫోన్‌లోనైనా’ అన్న రెండు పదాలు మాయమైపోవచ్చు. ఫోన్‌లో మీరు వేలితో లాగుతుంటే ఇంజన్ కదలకుండా పేజీ జరగడాన్ని ఇంకో ఫోన్‌తో వీడియో తీయండి. సంచిక పేరు, ప్రోగ్రామ్ పేరు, ఆనాటి తేదీ అందులో కనబడాలి. ఇవన్నీ ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సెక్షన్ 63(4) కింద, అవి ఏ పరికరంతో ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ జతచేయండి. ఈ చట్టం 2024 జులై 1 నుంచి అమలులో ఉంది. ఈ సర్టిఫికెట్‌ను పాత సాక్ష్య చట్టంలోని 65-బి సర్టిఫికెట్‌కు వారసుడనుకోండి. ఇందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని కోర్టులంత పట్టుగా చూడవు గానీ, అవతలివాళ్లకు సందు ఎందుకివ్వాలి? వీడియో తీసిన ఫోన్‌ను మాత్రం ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చేయకండి.

ఫిర్యాదు విచారణకు స్వీకరించాక అవతలివారికి జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15 రోజులు ఉంటాయి. మూడు నెలల్లో, నిపుణుల పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం. ఆచరణలో ఇంకా పడుతుంది, ముందే చెబుతున్నాను. మీరు అడగాల్సింది: కట్ట ధర 1,500, చందాలో వాడుకోలేని భాగం, ఖర్చులు, సబబైన పరిహారం. మనోవేదనకు అయిదు లక్షలు అని రాసేవాళ్లను చూశాను. 3,900 రూపాయల వ్యవహారంలో అలా రాస్తే బెంచి మీద ఉన్నవాళ్లు కళ్ళజోడు సవరించుకుని మీవైపు చూస్తారు, అంతే.

చీటింగ్ కేసు మాట మీ మిత్రుడితో టీ తాగుతూ మాట్లాడుకోవడానికి బాగుంటుంది. అమ్మేనాటికే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. ఫైలు పనిచేయలేదన్నంత మాత్రాన అది నిలబడదు.

మీ మనవడి విషయం. కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 52 సొంత వాడుకకు న్యాయమైన మేరకు అవకాశమిస్తుంది. తాళం లేని ఫైలులోంచి ఫోటోలు తీసి, మీరు కొన్న బొమ్మను మీరే ఇంట్లో తిప్పి చూసుకుంటే ఎవరూ జైల్లో వేయరు. హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని బద్దలు కొడితే 2012లో చేర్చిన సెక్షన్ 65-ఎ కింద రెండేళ్ల వరకూ జైలు ఉంది. తీసిన ఫోటోలను మీ హాబీ వాట్సాప్ గ్రూపులో పంచితే పత్రికవాళ్ల చేతికి మీరే కర్ర ఇచ్చినట్టవుతుంది. నా అభ్యంతరం ఇంకోటి కూడా. కుర్రవాడు గెలికిన ఫైలును కమిషన్ ముందు పెడితే ‘మీరే పాడుచేశారు’ అంటారు. డౌన్‌లోడ్ చేసుకున్న ఒరిజినల్ ఫైళ్లను ముట్టుకోకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో దాచండి. అతని ప్రయోగాలేవైనా కాపీ మీద చేసుకోమనండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ. దీపావళి ఆఫర్ చందా అంటున్నారు కాబట్టి ఆటోపే, అంటే ఏడాది తిరగగానే చందా డబ్బు దానంతటదే పోయే ఏర్పాటు, పెట్టి ఉండవచ్చు. యూపీఐ యాప్‌లోకి వెళ్లి ఆ అనుమతి (మాండేట్) ఉందేమో చూసి, ఉంటే ముందు దాన్ని రద్దుచేయండి.