బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది, పికప్ తడబడుతోంది

ప్రశ్న: నా దగ్గర పాత సాన్ స్టార్మ్ ఉంది, రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు. హైదరాబాద్‌లో ఒకాయన షెడ్డుల ఏండ్ల తరబడి పడి ఉంటే కొని తెచ్చుకున్న. సెల్ఫ్ కొట్టంగనే స్టార్ట్ అయితది, ఐడ్లింగ్ కూడా మంచిగనే ఉంటది. కానీ సెకండ్, థర్డ్ గేర్లల్ల యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం బండి గుంజదు, తర్వాత ఒక్కసారే జర్క్ ఇచ్చి ఉరుకుతది. రాత్రి లైట్లు వేస్తే ఇంకా ఎక్కువ. ఇంకో విచిత్రం, బ్రేక్ తొక్కితే వెనక ఇండికేటర్ సన్నగ వెలుగుతది, లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్, పెట్రోల్ ఫిల్టర్ అన్నీ మార్పించిన. ఇప్పుడు ఇంజన్ కంప్యూటర్, అదే ఈసీయూ, పోయిందంటున్నరు. మార్చాల్నా?
– ఒక పాఠకుడు, హంటర్ రోడ్, హనుమకొండ

జవాబు: ఈసీయూ జోలికి ఇప్పుడే పోకండి. పికప్ ఒక సమస్య, ఇండికేటర్ ఇంకో సమస్య అనుకుని మీరు విడివిడిగా రాశారు గానీ, నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి. ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి, పోయిన బండి లక్షణాలివి.

గోవాలో తయారైన ఈ కారుకు ఫైబర్ గ్లాస్ బాడీ, కింద ఇనుప ఛాసిస్, ముందు రెనో వాళ్ల 1149 సీసీ ఇంజన్. మామూలు రేకు బాడీ కార్లలో బాడీయే ఎర్త్. బల్బు దగ్గర ఒక చిన్న స్క్రూ బిగిస్తే చాలు, కరెంటు రేకు గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోతుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కదా, అందుకే ప్రతి లైటుకూ ప్రతి మీటరుకూ విడిగా ఎర్త్ వైరు లాగి ఛాసిస్ దాకా తేవాలి, అవన్నీ రెండు మూడు చోట్ల బోల్టుల కింద కలుస్తాయి. ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఆ బోల్టు కింద తుప్పు పట్టిందంటే దాని మీద ఆధారపడ్డ లైట్లూ మీటర్లూ అన్నీ ఒకేసారి తిక్కతిక్కగా ప్రవర్తిస్తాయి. మీ బ్రేక్ లైటు కరెంటుకు తిరిగిపోయే దారి లేక పక్కనున్న ఇండికేటర్ బల్బు గుండా దూరి పోతోంది, అందుకే అది సన్నగా వెలుగుతోంది. టెంపరేచర్ ముల్లు లేవడానికీ కారణం అలాంటిదే, ఇంజన్ వేడెక్కి కాదు.

మరి పికప్‌కూ దీనికీ సంబంధం ఏమిటంటే, ఇంజక్షన్ ఇంజన్‌లో, అంటే పెట్రోల్ ఎంత పోయాలో ఈసీయూ లెక్కగట్టే ఇంజన్‌లో, సెన్సర్లు 0 నుంచి 5 వోల్టుల మధ్య మాట్లాడతాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చెప్పే థ్రాటిల్ సెన్సర్ మామూలుగా ఐడ్లింగ్‌లో అర వోల్టు దగ్గర, పూర్తిగా తొక్కితే నాలుగు, నాలుగున్నర దగ్గర చూపిస్తుంది. ఎర్త్ దగ్గరే పావు వోల్టో అర వోల్టో తేడా వచ్చిందంటే ఈసీయూకు అందే లెక్క తప్పు, తప్పు లెక్కకు అది పోసే పెట్రోలూ తప్పే. లైట్లు వేశారనుకోండి, రెండు హెడ్‌లైట్లూ టెయిల్ ల్యాంపులూ కలిపి పది ఆంపియర్ల దాకా కరెంటు అదే బలహీనమైన ఎర్త్ గుండా పోతుంది, తేడా ఇంకా పెరుగుతుంది. రాత్రిపూట జర్క్ ఎక్కువవుతోందన్నారే, అది ఇందుకే అయి ఉంటుంది. పెట్రోల్ పంప్ ఎర్త్ కూడా అక్కడే కలిసి ఉంటే దానికి వోల్టేజీ తగ్గి, సరిగ్గా మీరు తొక్కే సమయానికి ప్రెషర్ పడిపోతుంది.

ఇదంతా నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక డిజిటల్ మల్టీమీటర్ చాలు. బ్యాటరీ మైనస్ పోల్ మీద, క్లాంప్ మీద కాదు, సీసం పోల్ మీదే నల్ల ప్రోబ్ పెట్టండి. ఎర్రది ఇంజన్ బ్లాక్ మీద ఎమరీ పేపర్‌తో గీకిన మెరిసే చోట పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.3 వోల్టు లోపుంటే సరే, 0.5 దాటితే ఇంజన్‌కు వచ్చే ఎర్త్ పట్టీ పోయినట్టే. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి, లైట్లన్నీ వేసి, ఎర్ర ప్రోబ్‌ను ఛాసిస్ బోల్టు మీద, డాష్‌బోర్డు కింది ఎర్త్ వైరు మీద, టెయిల్ ల్యాంప్ ఎర్త్ వైరు మీద ఒక్కొక్కచోట పెట్టి చూడండి. 0.1 దాటకూడదు, వెనక లైట్ల దగ్గర దూరం ఎక్కువ కాబట్టి ఇంకొంచెం ఉన్నా ఫర్వాలేదు. బ్రేక్ తొక్కినప్పుడు వెనక రెండు మూడు వోల్టులు చూపించిందంటే దొంగ దొరికినట్టే.

ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లు పొరబడే చోటు ఒకటుంది. వైరును బల్బు నుంచి ఊడదీసి మీటర్ పెట్టి, 12 వోల్టులు వస్తున్నాయి, వైరు బాగుంది అనేస్తారు. తీగలో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటర్ 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ గుంజుకునే కరెంటు దాదాపు సున్నా. అదే వైరుకు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి అప్పుడు కొలవండి, ఒకటిన్నర ఆంపియర్ పైన మోయాల్సి వచ్చేసరికి ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది, వోల్టేజీ కుప్పకూలుతుంది. బల్బు హోల్డరుకు రెండు వైర్లు టంకం పెట్టించి డిక్కీలో వేసుకోండి, పాత బండి ఉన్నవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సామాను లేదు.

బోల్టులు విప్పే ముందే ఇంకో పరీక్ష చేయొచ్చు. 4 చదరపు మిల్లీమీటర్ల మందం రాగి వైరు కొన్ని మీటర్లు తెచ్చి, బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ బ్లాక్‌కు ఒకటి, వెనక ల్యాంప్ ఎర్త్‌కు ఒకటి, డాష్‌బోర్డు ఎర్త్‌కు ఒకటి తాత్కాలికంగా లాగండి. సైలెన్సర్‌కూ ఫ్యాన్ బెల్టుకూ తగలకుండా కట్టి, రాత్రి లైట్లేసుకుని మడికొండ దాకా ఒకసారి పోయి రండి. జర్క్ పోయిందా, ఖర్చు వైరుతోనే సరి. ఇక తీరిగ్గా బ్యాటరీ మైనస్ తీసేసి ఎర్త్ బోల్టులన్నీ విప్పి, చిలుము పట్టిన రింగులు కోసేసి, రాగి తళతళలాడే దాకా వెనక్కి పోయి కొత్త రింగులు క్రింప్ చేయించండి, అంటే నొక్కి బిగించండి. పైన హీట్ ష్రింక్ స్లీవ్, అంటే వేడికి బిగుసుకునే గొట్టం, వేయండి, ఇన్సులేషన్ టేప్ వద్దు. మన వరంగల్ ఎండలకు మే నెలలో ఆ టేప్ జిగురు కరిగి కారిపోతుంది, వానాకాలం వచ్చేసరికి లోపల తీగ పచ్చబడిపోయి ఉంటుంది.

వెనకటి ఓనర్ పెట్టించిన అలారం, స్టీరియో, సెంట్రల్ లాక్ ఏవైనా ఉంటే వాటి అతుకులన్నీ చూడండి. ఇగ్నిషన్ వైరును మధ్యలో చెక్కి ఇంకో వైరు చుట్టి వదిలేసిన అతుకు ఒక్కటి చాలు ఇంజన్ ఉక్కిరిబిక్కిరి కావడానికి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉంచి డాష్‌బోర్డు కింది వైరింగ్ కట్టను చేత్తో మెల్లగా కదుపుతూ పోండి, ఎక్కడ తడబడితే అక్కడే ఉంది తప్పు. మార్చే ప్రతి వైరూ పాత రంగుదే వేయించండి. అన్నిటికీ ఎర్ర వైరే వాడే అలవాటు మన దగ్గర చాలా ఉంది, రేపు ఇంకో తప్పు వస్తే ఏది ఎక్కడికి పోతోందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

ఎర్త్‌లన్నీ సరిచేశాక కూడా తడబాటు ఉంటే అప్పుడు థ్రాటిల్ సెన్సర్‌కు ముల్లు మీటర్ పెట్టి పెడల్ మెల్లగా తొక్కండి, మధ్యలో ముల్లు ఎక్కడైనా కిందికి పడిందంటే సెన్సర్ అరిగింది. ఇంజన్‌లోకి గాలి పోయే ఇన్‌టేక్ దగ్గరి రబ్బరు పైపులు బీటలు వారాయేమో, ఫ్యూయల్ ప్రెషర్ ఎంతుందో అప్పుడే చూడండి.

ఒక్క మాట. ఆటోనగర్‌లో మంచి ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, కానీ వెతికినందుకు మనం డబ్బులివ్వం, సామాను మార్చినందుకే ఇస్తాం, అందుకే వాళ్లు సామాను మారుస్తారు. రోజు కూలీ ఇంత అని ముందే మాట్లాడుకుని, పక్కన కూర్చుని కొలిపించండి. మన దేశంలో ఇలాంటి రెండు సీట్ల ఓపెన్ కారు తయారవడమే అరుదు, మీ చేతికొచ్చిన దాన్ని కాపాడుకోవాలని నాకు గట్టిగా ఉంది.

ప్రశ్న: మా నాన్న కాలం నాటి ప్రీమియర్ పద్మిని. ఎండాకాలం బాగా నడిపి, పది నిమిషాలు ఆపి మళ్లీ తీస్తే పికప్ ఉండదు, ఆగిపోతది. చల్లారితే మామూలే. కార్బురేటర్ మార్చమంటున్నరు.
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: కార్బురేటర్ ఉంచుకోండి అమ్మా. ఈ బండికి పెట్రోల్ పంప్ ఇంజన్ పక్కనే ఉంటుంది. ఆపగానే ఇంజన్ వేడంతా పంపుకూ పైపుకూ ఎక్కి లోపలి పెట్రోల్ ఆవిరవుతుంది, పంప్ ఆవిరిని తోయలేదు. ఈసారి ఆగినప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చూడండి, వెంటనే స్టార్ట్ అయితే అదే కారణం. పెట్రోల్ పైపు సైలెన్సర్ వైపు ఆనకుండా జరిపించి, పాత పంపు డయాఫ్రం, అదే లోపలి పలుచటి పొర, మార్పించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కు పాత రబ్బరు తట్టుకోదు, కాబట్టి డయాఫ్రం, పైపులు రెండూ ఇథనాల్‌కు ఆగే రకమే అడిగి తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు కూడా తొక్కగానే తడబడుతుంటే, ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బురేటర్ మీది యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో లాగుతూ కార్బురేటర్‌లోకి చూడండి. లాగిన ప్రతిసారీ సన్నటి పెట్రోల్ ధార పడాలి. పడకపోతే మార్చాల్సింది దాని యాక్సిలరేటర్ పంప్ కిట్ ఒక్కటే.