ఇళ్ల మధ్య ఫంక్షన్ హాలు వస్తుంటే ఇరుగుపొరుగు అభ్యంతరం చెల్లుతుందా?

ప్రశ్న: మాది తెలంగాణలో ఒక మున్సిపల్ పట్టణం. పాతికేళ్ల కిందట అనుమతి పొందిన మా లేఅవుట్‌లో అరవై దాకా ఇళ్లు ఉన్నాయి. మా ఇంటి ఎదురుగా ఉన్న 1,200 చదరపు గజాల ఖాళీ స్థలంలో ఫంక్షన్ హాలు కడతామని దాని యజమాని చెబుతున్నారు. ఆ స్థలాన్ని నివాస వినియోగం నుంచి వాణిజ్య వినియోగానికి మార్చేందుకు పట్టణాభివృద్ధి సంస్థ ముసాయిదా ప్రకటన ఇచ్చిందని, పత్రికలో చూసిన బంధువు ఒకరు చెప్పేదాకా మాకు తెలియదు. అందులో స్థలానికి తూర్పు హద్దు 40 అడుగుల రోడ్డు అని రాశారు. మా దస్తావేజులన్నిటిలో అది 30 అడుగుల రోడ్డే. ఆఫీసుకు వెళ్లి అడిగితే ‘ఆయన స్థలం, ఆయన ఇష్టం, మధ్యలో మీకేం సంబంధం’ అన్నారు. అభ్యంతరం చెప్పే హక్కు మాకు ఉందా? చెప్పినా ఫలితం ఉంటుందా? – ఒక పాఠకురాలు

జవాబు: హక్కు ఉంది. ‘మీకేం సంబంధం’ అన్న మాటకు సుప్రీంకోర్టు 1974లోనే సమాధానం చెప్పింది. కర్ణాటకలోని ఉడుపిలో, పట్టణ ప్రణాళిక పథకం ప్రకారం సినిమా హాలు కట్టకూడని నివాస ప్రాంతంలో ఒకరికి పురపాలక సంఘం అనుమతి ఇచ్చినప్పుడు, అక్కడ నివసించే కె. రామదాస్ షెనాయ్ కోర్టుకు వెళ్లారు. అనుమతి చట్టబద్ధం కాకపోయినా అవతలివారు అప్పటికే పెద్ద మొత్తం ఖర్చు పెట్టారన్న కారణంతో హైకోర్టు జోక్యం చేసుకోలేదు. సుప్రీంకోర్టు దానిని అంగీకరించలేదు. సొంత స్థలంలో కట్టుకునే హక్కు యాజమాన్యంలో భాగమే అయినా, పట్టణ పరిధిలో ఆ హక్కును అక్కడ నివసించే సమాజ ప్రయోజనం కోసం చట్టం నియంత్రిస్తుందని, నివాస ప్రాంతంలో లేచే అక్రమ కట్టడం చుట్టుపక్కలవారు తమ ఆస్తిని అనుభవించే హక్కును గట్టిగానే దెబ్బతీస్తుందని చెప్పింది. 1991లో బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించిన వ్యవహారంలోనూ ఆ ప్రాంత నివాసులకు ప్రశ్నించే అర్హత ఉందని తేల్చి, ఆ కేటాయింపు చెల్లదని నిర్ణయించింది. కాబట్టి ఎదురింట్లో ఉన్న మీరు బయటివారు ఎంతమాత్రం కారు.

అయితే అభ్యంతరం చెప్పే హక్కు వేరు, ఆ అభ్యంతరం నెగ్గడం వేరు. పట్టణంలో ఏ స్థలాన్ని దేనికి వాడాలో నిర్ణయించే మాస్టర్ ప్లాన్‌ను మార్చే అధికారం ప్రభుత్వానికి ఉంది. మీ పట్టణం ఉన్నటువంటి అభివృద్ధి సంస్థల పరిధికి వర్తించే 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలోని 12వ సెక్షన్ ఆ అధికారాన్ని ఇస్తూనే ఒక షరతు పెట్టింది. మార్పు చేయడానికి ముందు ప్రకటన ఇచ్చి, ఫలానా తేదీలోగా ఎవరైనా అభ్యంతరాలు, సూచనలు పంపవచ్చని ఆహ్వానించాలి, వచ్చిన వాటిని పరిశీలించాలి. చట్టం ‘ఎవరైనా’ అంది. స్థల యజమాని అనలేదు, హద్దుదారు అని కూడా అనలేదు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఈ అవకాశమే, దీని విలువంతా గడువులోనే ఉంది. పత్రిక ప్రకటనలో సాధారణంగా సర్వే నంబర్లు, హద్దులే ఉంటాయి తప్ప ఇంటి నంబర్లు ఉండవు కాబట్టి, తమ వీధి గురించే రాశారని చాలామంది గుర్తుపట్టలేరు. మీకు ఎలా తెలిసినా తెలిసింది, అది మేలే. ప్రకటన ప్రతి సంపాదించి, చివరి తేదీ చూసుకుని, మిగతా పనులన్నీ పక్కనపెట్టి అభ్యంతరం దాఖలు చేయండి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బలమైనదిగా కనిపించింది ఆ 40 అడుగుల రోడ్డు. దానిని మీరు మాటవరసకు రాసినట్టున్నారు గానీ, అభ్యంతరపత్రంలో మొదటి అంశం అదే కావాలి. 2012 నాటి భవన నిర్మాణ నియమాల్లో (జీవో 168) ఏ రకం కట్టడానికి అనుమతి ఇవ్వవచ్చు, ఎంత ఎత్తు లేపవచ్చు, ఎంత ఖాళీ వదలాలి అన్నవి ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపడి ఉంటాయి. 40 అడుగులంటే సుమారు 12 మీటర్లు, 30 అడుగులంటే సుమారు 9 మీటర్లు. ఆ మూడు మీటర్ల తేడా మీద దరఖాస్తు భవిష్యత్తే ఆధారపడవచ్చు. మీ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (మీకంటే ముందు ఆ ఆస్తి చేతులు మారిన పత్రాలు), ఆమోదం పొందిన లేఅవుట్ నకలు మూడింటినీ జతపరచండి. మూడూ ఒకే మాట చెబితే ప్రకటనలోని హద్దు తప్పని కాగితం మీదే రుజువవుతుంది. ఆ తరువాత పగటిపూట ఇద్దరు ముగ్గురు కలిసి టేపు పట్టి కొలవండి. ప్రహరీ నుంచి ప్రహరీకి ఎంత, రెండు వైపులా మురుగు కాలువలు పోను తారు రోడ్డు ఎంత అన్నవి విడివిడిగా రాసుకుని, టేపు అంకె కనిపించేలా ఫోటోలు తీయండి. 30 అడుగుల రోడ్డులో కాలువలు పోను 20 అడుగులే మిగిలితే, రెండు పక్కలా ఒక్కొక్క కారు నిలిపాక మధ్యలో ఎనిమిది అడుగులు మిగలడం కూడా కష్టం. ఫైరింజన్ ఆ సందులోంచి రాలేదన్న సంగతిని ఏ అధికారీ తేలిగ్గా తోసిపుచ్చలేరు. ప్రకటన ఆధారపడిన హద్దుల వివరణే తప్పయినప్పుడు, దాన్ని సరిదిద్ది మళ్లీ ప్రకటించాలని కోరే హక్కు కూడా మీకు ఉంటుంది.

అభ్యంతరపత్రం రాసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మా ప్రశాంతత పోతుంది, మా ఇళ్ల ధరలు పడిపోతాయి, యజమాని పలుకుబడి ఉన్నవాడు అని రెండు పేజీలు నింపుతారు. మీ ఆవేదన నిజమైనదే, దానిని నేను తక్కువ చేయడం లేదు. కానీ ధర తగ్గుతుందన్న భయం ఒక్కటే ప్లాను మార్పును ఆపదు. యజమాని మీద ఆరోపణలు చేస్తే అది వ్యక్తిగత తగాదాగా మారి మీ పత్రం బరువు తగ్గిపోతుంది. అధికారి పరిశీలించాల్సింది ఆ స్థలం ఆ వినియోగానికి తగినదా కాదా అన్నదే కనుక, ప్రతి వాక్యం దానికే కట్టుబడి ఉండాలి. ఎంతమంది అతిథులకు హాలు కడుతున్నారు, వారి వాహనాలు స్థలం లోపలే నిలిపేందుకు చోటు ఉందా, అంతమంది వాడే నీటిని, వదిలే మురుగును ఇళ్లకోసం వేసిన పైపులు, కాలువలు మోయగలవా, దగ్గర్లో బడి గానీ ఆసుపత్రి గానీ ఉందా, ఇదే పట్టణంలో వాణిజ్య వినియోగానికి మాస్టర్ ప్లాన్ ఇప్పటికే కేటాయించిన చోట్లు ఉండగా చుట్టూ ఇళ్లున్న ఈ ఒక్క ప్లాటునే ఎందుకు మార్చాలి అన్నవి అడగండి.

శబ్దం విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్తగా రాయాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. వాణిజ్య ప్రాంతమైతే అది 65, 55. అంటే ప్లాటు వాణిజ్య వినియోగంలోకి మారితే తనకు ఎక్కువ పరిమితి వర్తిస్తుందని యజమాని వాదించే వీలు ఏర్పడుతుంది, ఆ శబ్దం వినాల్సిందేమో ఎదురింట్లో నివాస ప్రాంతంలోనే ఉండే మీరు. పైగా రాత్రి మైకుల నిషేధంలో, నాలుగు గోడల మధ్య ఉండే బాంకెట్ హాళ్లకు లోపలి వాడకం మేరకు మినహాయింపు ఉంది. అందువల్ల ‘పదింటి తరువాత మైకు నిషేధమే కదా’ అన్న హామీతో తృప్తిపడకండి. వీధిలోకి వచ్చే బరాత్‌లు, బయట పెట్టే జనరేటర్లు, అర్ధరాత్రి దాటాక సామాను దించే వాహనాల గురించి కూడా రాయండి.

పత్రం మీద ఎవరు సంతకం చేయాలన్నదీ ముఖ్యమే. మీ కాలనీ సంక్షేమ సంఘం రిజిస్టరై ఉంటే తీర్మానం చేసి సంఘం తరఫున ఒకటి ఇవ్వండి. ఆ స్థలానికి ఎదురుగా, పక్కన, వెనక ఉన్న ఇళ్లవారు మాత్రం ఎవరికి వారు విడిగా కూడా ఇవ్వాలి, ఎందుకంటే రేపు సంఘం రిజిస్ట్రేషన్ మీదో, అధ్యక్షుడి అధికారం మీదో వివాదం లేచినా, నష్టపోయే ఇంటి యజమాని అభ్యంతరం చెక్కుచెదరదు. ఒకే కాగితాన్ని అరవైసార్లు జిరాక్స్ తీసి అందరి చేతా సంతకాలు పెట్టించడం కంటే, ఎవరి ఇంటి ముందు ఏం జరుగుతుందో వారి మాటల్లో రాసిన ఆరు పత్రాలు మేలు. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట. పత్రాన్ని స్వయంగా ఇచ్చి మీ ప్రతి మీద ఇన్వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోవడానికి నిరాకరిస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు భద్రపరచండి. మున్సిపల్ కమిషనర్‌కు, పురపాలక శాఖకు నకళ్లు పంపండి.

దరఖాస్తు, స్థల పరిశీలన నివేదిక, సంస్థ సిఫారసు కాపీల కోసం సమాచార హక్కు చట్టం కింద అడగండి. అయితే జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కనుక అది వచ్చేలోపు మీ అభ్యంతరాల గడువు దాటిపోవచ్చు. కాబట్టి ఆ సమాచారం కోసం ఆగకుండా ముందు అభ్యంతరం ఇచ్చేసి, పత్రాలు అందాక అదనపు అభ్యంతరాలు దాఖలు చేస్తామని, స్వయంగా మా వాదన వినాలని అందులోనే కోరండి.

ఇంత చేసినా మార్పును ఖరారు చేస్తే, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. అక్కడ న్యాయమూర్తి ఫంక్షన్ హాలు అక్కడ ఉండటం మంచిదా చెడ్డదా అని తేల్చరు. ప్రకటన చట్టప్రకారం వెలువడిందా, అందులోని వివరాలు నిజమేనా, మీ అభ్యంతరాలను నిజంగా పరిశీలించారా, కారణాలు రాశారా అన్నవే చూస్తారు. రోడ్డు కొలత గురించి మీరు రాతపూర్వకంగా చెప్పి, ఉత్తర్వులో దాని ప్రస్తావనే లేకపోతే మీ కేసు అక్కడే సగం నిలబడుతుంది. అప్పుడు చెప్పకుండా కోర్టులో మొదటిసారి చెబితే, ఎందుకు ఊరుకున్నారని అడుగుతారు. ఆలస్యం కూడా చేయకూడదు. ఖర్చు పెట్టినంత మాత్రాన అక్రమం సక్రమం కాదని ఉడుపి కేసు చెప్పినా, పునాది దశలో వచ్చినవారికీ, స్లాబు పడ్డాక వచ్చినవారికీ దొరికే తాత్కాలిక ఉత్తర్వుల్లో తేడా ఉంటుందని మాత్రం మరిచిపోవద్దు.

ఇక ప్లాను మార్పు రాకుండానే కట్టడం మొదలుపెడితే మీ స్థానం మరింత బలపడుతుంది. నోయిడాలో నివాస సెక్టార్లలో నడిచిన బ్యాంకులు, నర్సింగ్ హోముల విషయంలో 2011 డిసెంబరు 5న, మాస్టర్ ప్లాన్ నివాసమన్నచోట వాణిజ్యం నడపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీరట్‌లో నివాస ప్లాటులో కట్టిన దుకాణాల కేసులో 2024 డిసెంబరు 17న కూల్చివేతను సమర్థిస్తూ, అధికారుల ఉదాసీనత గానీ, పెట్టిన పెట్టుబడి గానీ అక్రమ కట్టడానికి రక్షణ కాజాలవని చెప్పింది. అటువంటి పరిస్థితి వస్తే మున్సిపల్ కమిషనర్‌కు వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. భవన నిర్మాణ అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి బీపాస్ చట్టంలో నిర్ణీత గడువులో అధికారులు తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే భావించే ఏర్పాటు ఉంది కనుక, నిర్మాణ దరఖాస్తు పడిందని తెలిసిన రోజే మీ అభ్యంతరం ఆ ఫైలులోకి కూడా చేరాలి.

హాలు నడవడం మొదలై చుట్టుపక్కల వారందరికీ ఇబ్బంది (పబ్లిక్ న్యూసెన్స్) కలిగితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. తమకు ప్రత్యేక నష్టం జరిగిందని చూపాల్సిన పని ఉండదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌ను కూడా ఆశ్రయించవచ్చు. కానీ నడుస్తున్న హాలును ఆపించడం కంటే ముసాయిదా దశలో మార్పును ఆపడం చాలా తేలిక.

మధ్యలో యజమాని రాజీకి రావచ్చు. ఆయనకూ తన స్థలాన్ని ఉపయోగించుకునే హక్కు ఉంది కాబట్టి మాట్లాడటానికి నిరాకరించకండి. వాహనాలు లోపలే నిలుపుతామని, రాత్రి పది తరువాత సంగీతం ఉండదని ఆయన స్టాంపు కాగితం మీద రాసిచ్చినా, రేపు ఆ స్థలం మరొకరికి అమ్మితే ఆ కాగితం కొన్నవారిని కట్టిపడేస్తుందన్న భరోసా లేదు. ఏ షరతుకు మీరు ఒప్పుకున్నా అది ప్రభుత్వ ఉత్తర్వులో, భవన నిర్మాణ అనుమతిలో షరతుగా నమోదు కావాలని పట్టుబట్టండి. అలా నమోదైన ఉత్తర్వు ప్రతి మీ చేతికి వచ్చేదాకా ఇచ్చిన అభ్యంతరాన్ని ఉపసంహరించుకోవద్దు.