బొమ్మ చేతిలో వణకకూడదు

చిరంజీవి మానసకు ఆశీస్సులు.

బొమ్మల కొలువు పేర్చుకునే వీఆర్ (కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే) ఆట ఒక్కదానివే చేస్తానన్నావు, సంతోషం. గడియారం, పాయింట్లు, గెలుపోటములు ఏవీ వద్దనుకున్నావు కాబట్టి ఇక ఆటంతా చేతిలో ఉన్న బొమ్మే. పట్టుకోవడం, పెట్టడం, వదలడం కుదిరేదాకా మెట్లకు రంగు కూడా వెయ్యకు. మొదట్లో ఒక బల్ల, మూడు బొమ్మలు చాలు.

ఆటలు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఫిజిక్స్, అంటే వస్తువుల కదలికల లెక్క, మామూలుగా 0.02 సెకండ్లకోసారి, అంటే సెకండుకు 50 సార్లు నడుస్తుంది. క్వెస్ట్ హెడ్‌సెట్ తెర మామూలుగా 72 సార్లు మారుతుంది, ఒక్కో మార్పు ఒక ఫ్రేము. ఈ రెండూ కలవక కొన్ని ఫ్రేముల్లో బొమ్మ కదులుతుంది, కొన్నిట్లో ఉన్నచోటే ఉంటుంది. కంటికది వణుకు. ఫిజిక్స్ లెక్కల మధ్య వ్యవధిని, అంటే ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్‌ను, 0.01389 సెకండ్లు చెయ్యి. బొమ్మను చేతికి నేరుగా అతికించేసినా వణుకు పోతుంది గానీ, అప్పుడది బల్లలోకి దూరిపోతుంది. బొమ్మకు వేగం (వెలాసిటీ) ఇచ్చి చేతిని వెంబడించేలా కోడ్ రాయి, బల్లకు తగిలి ఆగుతుంది. మట్టిబొమ్మ చెక్కకు ఆనినప్పుడే అది నిజంగా అక్కడుందని మనసు నమ్ముతుంది.

కొలైడర్‌కు, అంటే దేనికైనా తగిలిందో లేదో లెక్కగట్టే కనిపించని తొడుగుకు, బొమ్మ ఆకారాన్నే ఇవ్వకు. అడుగు ఎగుడుదిగుడైతే నిలబెట్టిన బొమ్మ ఊగుతూనే ఉంటుంది. బొమ్మ పీటకు ఒక బాక్స్, ఒంటికి ఒక క్యాప్సూల్ (మాత్ర ఆకారం) పెట్టు. వదిలాక అర సెకండు కదలకపోతే కైనమాటిక్ చేసెయ్, అంటే ఫిజిక్స్ దాన్ని కదపకుండా ఆపెయ్, మళ్లీ ముట్టుకుంటే విడిపించు. సేవ్ కూడా సరిగ్గా అప్పుడే చెయ్యి. గాల్లో ఉన్నప్పుడు సేవ్ చేస్తే మర్నాడు తెరవగానే బొమ్మ కింద పడుతుంది.

టక్‌మనే చప్పుడు నాలుగైదు రకాలుగా రికార్డు చేసుకో, తగిలిన వేగాన్ని బట్టి వాల్యూమ్ మార్చు. సెకండుకు 0.1 మీటరు కన్నా మెల్లగా తగిలితే చప్పుడే వద్దు, లేకపోతే సర్దుకుంటున్న బొమ్మ టకటకలాడి ప్రాణం తీస్తుంది. చేత్తో పట్టుకునే కంట్రోలర్‌లో కంపనం 20 మిల్లీసెకండ్లు దాటనివ్వకు.

కొలువుకు మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి కదా, మూడుతో మొదలుపెట్టు. ఒక్కోటి 15 సెంటీమీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. కింది మెట్టు మనిషికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, పై మెట్టు కాస్త ముందుకు వంగితే అందుతుంది. ఎత్తును మాత్రం అంకెగా రాసిపెట్టకు. ఆట మొదలయ్యేటప్పుడు కంటి ఎత్తు చూసి, దానికి 45 సెంటీమీటర్లు కిందగా మొదటి మెట్టు పెట్టు. అమ్మమ్మ కుర్చీలో కూర్చున్నా, పిల్లవాడు నిలబడినా సరిపోతుంది. కంట్రోలర్ మీది స్టిక్‌తో మనిషిని ఆటలో నడిపించే పని పెట్టుకోకు. కళ్లు కదిలామంటాయి, చెవిలోని సమతుల్యం లేదంటుంది, తల తిరుగుతుంది. అటుపక్క చూడాలంటే కొలువునే చేత్తో తిప్పనివ్వు.

ఒక్కో ఫ్రేముకు నీకున్నది 13.9 మిల్లీసెకండ్లు. నీడలు ముందే బేక్ చెయ్యి (లెక్కగట్టి బొమ్మగా దాచెయ్యి), కదిలే బొమ్మల కింద మసక మచ్చ చాలు. బొమ్మలన్నిటికీ కలిపి ఒకే అట్లాస్ (అన్ని రంగులూ నగిషీలూ ఉన్న ఒకే చిత్రం) వాడు. అగరుబత్తి పొగ పెట్టాలనిపిస్తుంది, వద్దమ్మా. పారదర్శకమైన పొరలు ఒకదానిమీద ఒకటి పడితే అదే పిక్సెల్‌ను పదేపదే గీయాల్సి వచ్చి ఫ్రేములు జారిపోతాయి.

చెయ్యిజారి నేలమీద పడ్డ బొమ్మ రెండు సెకండ్లలో బొమ్మలుంచే బుట్టలోకి తనంతట తానే చేరాలి. ఎవరూ వంగి వెతుక్కోకూడదు.

ఇవి కుదిరాక వీఆర్ ఎప్పుడూ పెట్టుకోని మనిషి తలకు హెడ్‌సెట్ తగిలించి, ఒక్క మాట చెప్పకుండా ఇరవై నిమిషాలు చూడు. ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో రాసుకుని నాకు పంపు.

మీ బాబాయి