ఆస్ట్రానమీ పిచ్చి ఉంటే డిగ్రీలో ఏం తీసుకోవాలి?

ప్రశ్న: నమస్తే సార్. వచ్చే ఏడాది కాలేజీలో చేరాలి. నాకు ఫిజిక్స్ అంటే ఇష్టం, ఆకాశం అంటే ఇంకా ఇష్టం, మామయ్య తెచ్చిచ్చిన చిన్న టెలిస్కోప్‌లో మొదటిసారి శని వలయాలు చూసిన రోజు రాత్రంతా నిద్రపట్టలేదు. మెయిన్ సబ్జెక్టుగా ఆస్ట్రానమీ తీసుకోవాలా ఫిజిక్సా అన్నది తేలట్లేదు. నాన్నేమో చుక్కలు లెక్కపెట్టేవాళ్లకి ఉద్యోగం ఎవడిస్తాడు, కంప్యూటర్ సైన్స్‌లో చేరు అంటున్నారు. పైగా మ్యాథ్స్‌లో నేను యావరేజ్. ఏం చెయ్యమంటారు?
– ఓ విద్యార్థిని

జవాబు: ముందు జవాబు చెప్పేసి తర్వాత కబుర్లు చెప్తానమ్మా. ఫిజిక్స్ తీసుకో, దాంతోపాటు దొరికినన్ని ఆస్ట్రానమీ పేపర్లు ఎలక్టివ్‌గా పెట్టుకో.

ఎందుకంటే ఫిజిక్స్ డిగ్రీతో పై చదువుకి ఆస్ట్రానమీలోకి వెళ్లడం మామూలే, అటు నుంచి ఇటు రావడమే ఒక్కోసారి ఇబ్బంది. అయితే కోర్సు పేరు చూసి మోసపోవద్దు, సిలబస్ తెరిచి చూడు. మెకానిక్స్, ఎలక్ట్రోమాగ్నెటిజం, థర్మోడైనమిక్స్, క్వాంటమ్ మెకానిక్స్, ఈ నాలుగూ గట్టిగా ఉంటే దానికి ఆస్ట్రానమీ అని పేరున్నా బెంగలేదు, నిశ్చింతగా చేరిపో. అవి లేకుండా గ్రహాల గురించీ గెలాక్సీల గురించీ వర్ణనలే ఉంటే అది సరదాగా చదువుకోడానికి బావుంటుంది గానీ దాన్ని నమ్ముకుని ముందుకెళ్లడం కష్టం.

నక్షత్రాలకి క్వాంటమ్‌తో పనేంటి అంటావేమో. నక్షత్రం వెలుగుని రంగులుగా విడదీస్తే ఎరుపులో 656.3 నానోమీటర్ల దగ్గర సన్నటి నల్లగీత కనిపిస్తుంది. హైడ్రోజన్‌లో రెండో శక్తి మెట్టు మీదున్న ఎలక్ట్రాన్ ఆ వెలుగుని మింగి మూడో మెట్టు ఎక్కిందన్నమాట. ఈ మెట్ల లెక్క చెప్పేదే క్వాంటమ్ మెకానిక్స్. ఒకప్పుడు సూర్యుడి వెలుగులో ఇనుము గీతలు బోలెడు కనిపించేసరికి సూర్యుడు కూడా భూమిలాంటి సరుకుతోనే తయారయ్యాడనుకునేవాళ్లు. వేడిని బట్టి పరమాణువులు ఎంతమేరకు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటాయో చెప్పే సమీకరణాన్ని మన శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లో ఇచ్చాడు, అది పట్టుకుని సిసిలియా పేన్ అనే అమ్మాయి ఆ గీతల్ని మళ్లీ లెక్కగట్టి, 1925లో తన థీసిస్‌లో, నక్షత్రాల్లో ఉన్నది ముఖ్యంగా హైడ్రోజనే అని తేల్చింది. హెన్రీ నోరిస్ రస్సెల్ అనే పేరున్న ఆస్ట్రానమర్ అలా ఉండడానికి వీల్లేదన్నాడు, పాపం ఆవిడ కూడా ఈ ఫలితం నిజం కాకపోవచ్చని అందులోనే రాసుకోవాల్సి వచ్చింది. 1929కల్లా ఆయనే దారికొచ్చి ఒప్పుకున్నాడనుకో. ఇంతకీ నేను చెప్పొచ్చేదేంటంటే, ఆవిడ కేంబ్రిడ్జ్‌లో చేరింది బోటనీ చదవడానికి, ఎడింగ్టన్ అనే ఆస్ట్రానమర్ లెక్చర్ ఒకటి విని ఫిజిక్స్‌కి మారిపోయింది. కాబట్టి ఇప్పుడు తీసుకున్న సబ్జెక్టే జన్మంతా అని భయపడకు.

మ్యాథ్స్ సంగతి. యావరేజ్ అంటే మార్కులు తక్కువనా, చూస్తేనే చిరాకా? మార్కులైతే పర్వాలేదు, కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా సాధన చేస్తే లొంగుతాయి. చిరాకైతే మాత్రం ఆలోచించుకోవాలి, ఈ దారిలో రోజూ ఉండేది మ్యాథ్సే.

ఇంకోటి, టెలిస్కోప్‌కి కన్ను ఆనించే ఆస్ట్రానమర్లు ఇప్పుడు దాదాపు లేరు, వాళ్ల పగలూ రాత్రీ కంప్యూటర్ ముందే. అందుకని ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల్ని వెతికిన కెప్లర్ అనే అంతరిక్ష టెలిస్కోప్ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, గ్రహం ఉందని ముందే తెలిసిన ఒక నక్షత్రం తీసుకుని దాని వెలుగుని గ్రాఫ్ గీసి చూడు. గురుడంత గ్రహం సూర్యుడిలాంటి నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు నూటికి ఒక వంతు తగ్గుతుంది, భూమంత గ్రహమైతే సుమారు పన్నెండు వేలలో ఒక వంతే, కాబట్టి పెద్ద గ్రహంతోనే మొదలుపెట్టు. మొదట గీసినప్పుడు చెత్తగా వస్తుంది, గీత అటూ ఇటూ ఊగుతుంటుంది, ఆ ఊగుడు సరిచేసుకుంటూ పోతే రెండు మూడు రోజులకి చిన్న గుంట కనిపిస్తుంది. ఆ గుంట చూసినప్పుడు శని వలయాలు చూసిన రాత్రి గుర్తొస్తే నీకు తిరుగులేదు. ఇదేం గోల అనిపిస్తే ఆకాశాన్ని హాబీగా ఉంచుకో, అందులో నామోషీ ఏం లేదు.

ఇక నాన్నగారు. ఆయన భయం ఊరికే కాదు, ఆస్ట్రానమీలో పర్మనెంట్ పోస్టులు తక్కువ, పీహెచ్‌డీ చేసిన అందరికీ దొరకవు. కానీ ఫిజిక్స్‌తోపాటు ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్ వచ్చినవాళ్లు డేటా పనుల్లోకీ మెడికల్ ఇమేజింగ్‌లోకీ వెళ్తూనే ఉన్నారు. కంప్యూటర్ సైన్స్‌ని మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా తీసుకుంటే ఇద్దరి మాటా నెగ్గినట్టే.

నీకు చేత్తో పనిచెయ్యడం, విప్పదీసి బిగించడం ఇష్టమైతే ఇంజనీరింగ్ కూడా చెడ్డ దారేం కాదు. గ్రోట్ రెబర్ అనే రేడియో ఇంజనీర్ 1937లో పెరట్లోనే 31 అడుగుల డిష్ సొంతంగా కట్టుకుని ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్ని పట్టాడు. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో అనే పరిశోధన కేంద్రం గురుత్వ తరంగాన్ని, అంటే స్థలకాలంలో పుట్టే అలని పట్టిందంటే, నాలుగు కిలోమీటర్ల గొట్టాల్లో గాలి లేకుండా చేసి అద్దాలు కదలకుండా వేలాడదీసినవాళ్ల చలవ కూడా అందులో ఉంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగులు చూడకు. అక్కడ సెకండియర్, థర్డియర్ చదివే అక్కల్నీ అన్నల్నీ పట్టుకుని, ప్రొఫెసర్ల దగ్గర ప్రాజెక్ట్ చెయ్యనిస్తున్నారా, మధ్యలో సబ్జెక్ట్ మారాలంటే ఒప్పుకుంటారా అని అడుగు. మొదటి ఏడాది ఫిజిక్స్‌కీ ఆస్ట్రానమీకీ పేపర్లు చాలావరకు ఒకటే ఉన్నచోట చేరితే, ఫిజిక్సా ఆస్ట్రానమీనా అన్నది ఏడాది చదివాక కూడా తేల్చుకోవచ్చు.