పొరుగింటి తల్లి మనవి గురించి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి,

వందనములు. ఇంటింటి కూటాల బాధ్యత అప్పగించిన నాటి నుండి నీవు పడుతున్న ప్రయాసను చూస్తూనే ఉన్నాను. అయితే బిడ్డ జ్వరం గురించి ప్రార్థించమని వచ్చిన పొరుగింటి తల్లితో, దేవుడు పాపుల మనవి ఆలకింపడనీ, ముందు బాప్తిస్మం తీసుకోమనీ చెప్పావని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీవు ఎత్తి చెప్పిన మాట యోహాను 9:31లో ఉన్నదే గాని, దానిని పలికినది ప్రభువూ కాదు, అపొస్తలుడూ కాదు. యేసును పాపి అని నిందిస్తున్న పరిసయ్యులతో వాదిస్తూ, యేసు చూపునిచ్చిన పుట్టుగుడ్డివాడు, తన కన్నులు తెరచినవాడెవరో తనకే ఇంకా పూర్తిగా తెలియని మనిషి, అన్న మాట అది. దేవుడు పాపుల మొర విననివాడైతే ప్రభువు ఉపమానంలోని సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, రొమ్ము కొట్టుకొనడం వ్యర్థమే కదా అని ఈ వచనం దగ్గరే హిప్పో బిషప్పు అగస్టీను ఏనాడో అడిగాడు. "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న ఆ సుంకరే నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళాడు. అదే ఉపమానంలో, వారానికి రెండుమార్లు ఉపవాసం చేస్తున్నానని లెక్క చెప్పిన పరిసయ్యుడు కాదు.

దేవుడు ప్రార్థన వినడన్న హెచ్చరికలు ఎవరి చెవిన వేసినవో గమనించు. యెషయా మొదటి అధ్యాయం దేవాలయానికి బలులు తెచ్చేవారితో చెప్పినది. మలాకీ గద్దించినది, యౌవనకాలపు భార్యకు ద్రోహం చేసి బలిపీఠాన్ని కన్నీళ్ళతో తడుపుతున్నవారిని. ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు రాసినది విశ్వాసులైన భర్తలకు. అంటే చాలావరకు మనవంటి లోపలివారికే. బయటివారి సంగతి చూస్తే, అబ్రాహాము పంపివేసిన దాసి హాగరు బిడ్డ మొరను దేవుడు అరణ్యంలో విన్నాడు, అన్యుల పట్టణమైన నీనెవె వారి మొర విన్నాడు. కైసరయలో రోమా శతాధిపతియైన కొర్నేలీ ప్రార్థనలు బాప్తిస్మానికి ముందే దేవుని సన్నిధికి చేరాయి. దేవుడు అతనిని అంతటితో వదలలేదన్నదీ నిజమే. యొప్పే నుండి పేతురును పిలిపించి వాక్యం వినిపించాడు. కాని ఆలకించడం ముందు, నీళ్ళు తరువాత.

నా సంగతీ చెబుతాను. పొలం గట్టు తగాదాలో నా తమ్మునితో రెండేళ్ళు మాటలు లేవు. ఆ రెండేళ్ళూ ఆదివారం ఆరాధనలో దీర్ఘ ప్రార్థన నాదే. ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ మీ వదిన, "మీ ప్రార్థనలో మరిదిగారి పేరు ఎప్పుడూ రాదేమండీ?" అని అడిగింది. ముద్ద నోట్లోకి పోలేదు. అర్పణను బలిపీఠం ఎదుటే విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమన్న మాట మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటానో! మర్నాడే వాడి గడప తొక్కాను. గట్టు లెక్క తేలడానికి మరో ఏడాది పట్టిందనుకో.

కాబట్టి ఆ తల్లి ఇంటికి ఈ వారమే వెళ్ళు. ముందు ఆమె చెప్పేది విను, బిడ్డ పేరు అడుగు, వైద్యుడు ఏమన్నాడో కనుక్కో. తప్పక తగ్గిపోతుందని మాట ఇవ్వవద్దు. తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసివేయమని పౌలు ముమ్మారు వేడుకొన్నా అది పోలేదు, కృప చాలునన్న జవాబే వచ్చింది. ఆమె తన మాటల్లో ప్రార్థిస్తానంటే నీవు ఊరకుండు, ఆ మాటలను సరిదిద్దకు. ఆమె ఇచ్చిన ప్రార్థన మనవి చీటీని కూటంలో మైకులో చదవకు.

మొన్న అన్న మాటకు క్షమించమని అడగడం మాత్రం గుమ్మంలోనే కానివ్వు.

ప్రభువునందు,
మీ అన్న