పాలరాతి భవనం, వన్‌టౌన్ స్తంభాలు

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి న్యూపోర్ట్ పట్టణంలోని ‘మార్బుల్ హౌస్’ ఫోటోలు పంపింది. ముందున్న స్తంభాలను చూస్తే వైట్‌హౌస్‌కు నకలేమో అనిపించింది. దానిని ఒక పారిశ్రామికవేత్త భార్యకు కానుకగా కట్టించాడన్నది నిజమేనా? వన్‌టౌన్‌లోని మా పాత ఇంటి స్తంభాలు కూడా ఆ పద్ధతిలోవేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కానుక మాట నిజమే. తాతల నాడు ఓడలతోనూ, తరువాత రైల్వేలతోనూ అపారంగా గడించిన కుటుంబానికి చెందిన విలియం వాండర్‌బిల్ట్, తన భార్య ఆల్వాకు 39వ పుట్టినరోజు కానుకగా ఈ వేసవి విడిదిని 1888–1892 మధ్య సముద్రతీరాన కట్టించారు. దీని రూపశిల్పి రిచర్డ్ మోరిస్ హంట్. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ పీఠాన్ని రూపొందించినది కూడా ఆయనే. మొత్తం ఖర్చు 1 కోటి 10 లక్షల డాలర్లని, అందులో 70 లక్షలు పాలరాతికే అయిందని చెబుతారు.

వైట్‌హౌస్‌తో పోలిక మీకే కాదు, చాలామందికి తోస్తుంది. అయితే హంట్ ప్రేరణ పొందినది ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో 18వ శతాబ్దంలో కట్టిన పెటి ట్రియనాన్ అనే చిన్న రాజభవనం నుంచి. గ్రీకు, రోమన్ ఆలయాల కొలతలను, స్తంభాలను తిరిగి ఆదరించిన నియోక్లాసికల్ సంప్రదాయమే ఈ మూడింటికీ మూలం. ఫోటోలో స్తంభాల పైభాగాన్ని పరిశీలించండి: మార్బుల్ హౌస్‌లో ఆకులు విచ్చుకున్న కొరింథియన్ శీర్షాలు, వైట్‌హౌస్‌లో చుట్టలు తిరిగిన అయోనిక్ శీర్షాలు కనిపిస్తాయి.

నా దృష్టిలో ఆ భవనానికి అసలైన గౌరవం పాలరాతి వల్ల రాలేదు. 1895లో విడాకులైన తరువాత కూడా ఇల్లు ఆల్వాకే మిగిలింది; స్త్రీలకు ఓటు హక్కు కోసం పోరాడిన ఆమె 1909లో రుసుముపై దానిని ప్రజలకు చూపించి ఉద్యమానికి నిధులు కూడగట్టారు, 1914లో అక్కడే మహిళల మహాసభ జరిపించారు. సంపద ప్రదర్శనకు కట్టిన ఇల్లు అంతటి పనికి వేదిక కావడం ఎంతో ఆనందం కలిగించే విషయం. ఆమె 1932లో దానిని అమ్మివేయగా, 1963 నుంచి న్యూపోర్ట్ పరిరక్షణ సంఘం సంరక్షిస్తోంది.

ఇక మీ ఇంటి సంగతి. మన తీరంలోని పాత బంగళాల స్తంభాలకు నమూనా చాలావరకు ఆ యూరోపియన్ సంప్రదాయమే అయినా, లోపల సాధారణంగా ఇటుక, పైన గానుగ సున్నపు పూత ఉంటాయి. మరమ్మతు చేయించేటప్పుడు వాటిపై సిమెంటు పూయించవద్దని మనవి. సిమెంటు చెమ్మను లోపలే బంధిస్తుంది, ఉప్పుగాలికి చేరిన లవణాలు గట్టిపడి ఇటుకను పెచ్చులుగా రాల్చేస్తాయి. సున్నపు పని తెలిసిన మేస్త్రీతో సున్నపు పూతే వేయించండి.