సర్పి మానినా మంట ఎందుకు పోదు? నొప్పి బిళ్లలు ఎందుకు పని చేయవు?

మీ మామయ్యగారికి సర్పి పొక్కులు మాని నాలుగు నెలలైనా మంట తగ్గలేదని, రోజూ నొప్పి బిళ్లలు వేస్తున్నా ఫలితం లేదని, ఇందులో రోగనిరోధక కణాలకూ కొవ్వులకూ సంబంధమేమిటని అడిగారు. మా అమ్మకు 68వ ఏట ఇదే జరిగింది. ఆమెను చూసుకుంటూ చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

నడుము ఎడమవైపు పట్టీలా లేచిన పొక్కులు మూడు వారాలలో పక్కు కట్టి రాలిపోయాయి. ఆ తర్వాత కూడా కుచ్చెళ్లు దోపుకునే చోట నూలు చీర అంచు తగిలితే చాలు, కారం రాసినట్లుందని అమ్మ ఊపిరి బిగబట్టేది. ఫ్యాను గాలికే ముడుచుకుపోయేది. అదే చోట అరచేతితో గట్టిగా అదిమి పట్టుకుంటే మాత్రం ఓర్చుకోగలిగేది.

చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరస్సే వెన్నుపాము పక్కనున్న నాడీకణాల ముడులలో ఏళ్ల తరబడి దాగి ఉండి, సర్పిగా బయటపడుతూ నరాన్ని దెబ్బతీస్తుంది. దెబ్బతిన్న నరం దగ్గరికి మాక్రోఫేజ్‌ల వంటి రోగనిరోధక కణాలు చేరి, పాడైన భాగాలను శుభ్రం చేస్తూనే వాపు రసాయనాలనూ వదులుతాయి. వాటిలో కొన్ని, కణాల పొరలలోని కొవ్వు నుంచి తయారయ్యేవి. అందరికీ తెలిసినవి ప్రోస్టాగ్లాండిన్‌లు. ఆస్పిరిన్ వీటి తయారీని ఆపుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో చూపారు, డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల పని చేసేదీ అలాగే. అయితే నరాల నొప్పికి దారులు ఇంకా ఉన్నాయి. లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లం అనే మరో కొవ్వు ఈ నొప్పిని మొదలుపెట్టగలదని జపాన్ పరిశోధకులు 2004లో ఎలుకలలో చూపారు. లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఆక్సీకరణం చెందితే వచ్చే పదార్థాలు, మిరపకాయ ఘాటును పసిగట్టే టీఆర్‌పీవీ1 గ్రాహకాన్నే రేపుతాయి. అమ్మ కారమని చెప్పిన మాటను నేను చాలాకాలం ఉపమానంగానే విన్నాను. పైగా వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు మేల్కొని, నొప్పి సంకేతాలకు అడ్డుకట్ట వేసే కణాల పట్టును సడలించడం వల్ల, మామూలు స్పర్శ కూడా నొప్పిగా మెదడుకు చేరుతుందని జంతువులపై చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఇన్ని దారులున్నచోట ఒక్క దారిని మూసే బిళ్ల చాలదు.

ఇది తెలియక మేము రెండు నెలలు డైక్లోఫెనాక్ ఇచ్చాము. మంట తగ్గలేదు, మూత్రపిండాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మాత్రం 1.9కి చేరింది. అమ్మకు అంత హాని మా చేతులతోనే చేశామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నరాల డాక్టరు ఆ బిళ్ల మాన్పించి, నరాల నొప్పికి ఇచ్చే మందులైన ప్రీగాబాలిన్‌ను మూత్రపిండాల స్థితిని బట్టి తక్కువ మోతాదులో మొదలుపెట్టి, రాత్రిపూట కొద్దిగా అమిట్రిప్టిలిన్‌ను ఇచ్చారు. మొదటి వారం తల తిరిగి తూలేది కాబట్టి, రాత్రి బాత్‌రూమ్‌కు ఎవరో ఒకరం తోడు వెళ్లేవాళ్లం. ఆరు వారాలకు నిద్ర కుదిరింది.

మామయ్యగారికి ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించి, వేస్తున్న బిళ్లలన్నీ తీసుకుని నరాల డాక్టరును కలవండి. ఇంట్లో ఇంకెవరికైనా సర్పి పొక్కులు కనిపిస్తే, 72 గంటలలోపు వైరస్ మందు మొదలయ్యేలా చూడండి. 50 ఏళ్లు దాటినవారికి రెండు డోసుల టీకా ఉంది. మా నాన్నకు, పిన్నికి వేయించాము.